రోగి కొలత, ఊరి కొలత

గ్రామ పంచాయతీ సమావేశములలో తరచుగా ఎదురగు ప్రశ్న యొకటి కలదు. నిధులు స్వల్పము, సహాయము కోరువారు పెక్కుమంది. ఒకరికి కాలు లేదు. మరొకరికి మూత్రపిండములు చెడిపోయి, వారమునకు రెండు మూడు పర్యాయములు ఆసుపత్రికి పోయి రావలసియున్నది. ఇంకొకరికి ఎడతెగని నడుము నొప్పి. పైకి ఏ లోపమును కానరాదు. వీరిలో ఎవరి కష్టము పెద్దది? ముందుగా ఎవరికి తోడ్పడవలెను? సభ్యులు తమకు తోచిన రీతిని ఆలోచించి ఒక నిర్ణయమునకు వత్తురు. ఆ నిర్ణయములో దయ యుండును; న్యాయబుద్ధియు నుండును. కాని తరచుగా ఒకటి మాత్రము లోపించును. అది ఆ కష్టమును అనుభవించుచున్న వారి మాట.

1992 సంవత్సరపు 73వ రాజ్యాంగ సవరణ మూలమున పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో చేర్పబడినవి. వానిలో ఆరోగ్యము, పారిశుద్ధ్యము కలవు. వికలాంగుల సంక్షేమము కూడ కలదు. కావున ఒకరి వ్యాధి మరొకరి వ్యాధికంటె ఎంత భారమైనదో తూచవలసిన పని వైద్యులకు మాత్రమే గాక పంచాయతీ సభ్యులకును తప్పదు. ఆ తూకము సరిగా నుండవలెనన్నచో కొన్ని సంగతులు తెలిసియుండుట మేలు.

“తన దాకా వస్తేగాని తెలియదు” అని మన పెద్దలు చెప్పుచుందురు. ఇతరుల బాధను మనము తక్కువగా అంచనా వేయుదుమనియే సాధారణముగా ఈ మాటకు అర్థము చెప్పుకొందుము. కాని దాదాపు ఏబది సంవత్సరములుగా పలు దేశములలో జరిగిన పరిశోధనల వలన ఈ మాటకు రెండవ ముఖము కూడ కలదని తేలినది. పెక్కు వ్యాధుల విషయములో, ఆ వ్యాధి లేనివారు ఊహించునంత దుర్భరముగా దానితో జీవించువారి బ్రతుకు లేదు. మరికొన్ని బాధల విషయములో, చూచువారు తలచుదానికంటె అనుభవించువారి బాధయే ఎక్కువ. ఈ రెండు పొరపాట్లును గ్రామములో నిత్యము జరుగుచున్నవే.

ఆరోగ్యమును కొలుచుట యెట్లు?

ధాన్యమును కుంచముతో కొలుతుము. పొలమును ఎకరములలో, సెంట్లలో కొలుతుము. ఆరోగ్యమును కొలుచుటకు అట్టి పాత్ర లేదు. అయినను పరిశోధకులు ఒక ఉపాయమును కనుగొనిరి. పూర్ణారోగ్యమునకు 1 అనియు, మరణమునకు 0 అనియు విలువ నిచ్చి, ప్రతి వ్యాధిస్థితిని ఈ రెంటి నడుమ ఎచ్చట నిలుపవలెనో మనుష్యులనే అడుగుదురు.

అడుగు పద్ధతులు పెక్కు గలవు. అందులో ఒకటి ఇట్లుండును: “ఈ వ్యాధితో పది సంవత్సరములు జీవించుట ఒక ప్రక్క, పూర్ణారోగ్యముతో అంతకంటె తక్కువ కాలము జీవించుట మరొక ప్రక్క. ఎన్ని సంవత్సరముల పూర్ణారోగ్యము ఆ పది సంవత్సరములకు సరితూగునని మీరు తలతురు?” ఎనిమిది సంవత్సరములు చాలునని చెప్పినచో ఆ వ్యాధిస్థితి విలువ 0.8. నాలుగు సంవత్సరములే చాలునన్నచో దాని విలువ 0.4. అనగా ఆ వ్యాధి యెంత దుర్భరమని తోచునో, దానిని తప్పించుకొనుటకు మనుష్యుడు తన ఆయుస్సులో అంత భాగమును వదలుకొనుటకు సిద్ధపడునన్న మాట.

ప్రశ్న ఒక్కటే, జవాబులు రెండు

1978లో కెనడా దేశమున హామిల్టన్ నగరములోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయమునకు చెందిన సాకెట్, టారెన్స్ అను పరిశోధకులు తమ పరిశీలన ఫలితములను ప్రకటించిరి. మూత్రపిండములు పనిచేయని వారికి యంత్రముతో రక్తమును శుద్ధిచేయు చికిత్సయే డయాలిసిస్. ఈ చికిత్సపై ఆధారపడిన జీవితమునకు సామాన్య ప్రజలు ఇచ్చిన విలువ 0.39. అదే చికిత్సను పొందుచున్న రోగులు తమ జీవితమునకు ఇచ్చిన విలువ 0.56. పది సంవత్సరముల లెక్కలో చెప్పవలెనన్నచో, ఆ పదియేండ్లు నాలుగేండ్ల పూర్ణారోగ్యమునకు కూడ సరిరావని ప్రజలు తలచిరి. అయిదున్నర యేండ్లకు మించిన విలువ కలదని రోగులు తలచిరి.

ఇది డయాలిసిస్‌కు మాత్రమే పరిమితమైన సంగతి కాదు. పెద్దప్రేగు జబ్బుచే కొందరికి శస్త్రచికిత్స చేసి, పొట్టపై ఏర్పరచిన ద్వారముగుండా మలము ఒక సంచిలోనికి వచ్చునట్లు చేయుదురు. దీనిని కొలాస్టమీ అందురు. 1990లో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో, ఈ శస్త్రచికిత్స కానివారు అట్టి జీవితమునకు 0.80 విలువ నిచ్చిరి. ఆ సంచితోనే కాలము గడుపుచున్నవారు 0.92 విలువ నిచ్చిరి.

రోగులు తమ మనస్సును తాము ఓదార్చుకొనుటకై ఇట్లు చెప్పుచున్నారేమోయని సందేహము కలుగవచ్చును. ఈ సందేహమును తీర్చుటకై అమెరికాలో 49 మంది డయాలిసిస్ రోగులకును, 49 మంది ఆరోగ్యవంతులకును చేతిలో ఇముడు చిన్న యంత్రములను ఇచ్చి, ఒక వారము పాటు దినమున పలుమార్లు ఆ క్షణమున వారి మనఃస్థితి యెట్లున్నదో గుర్తింపజేసిరి. 2005లో ప్రకటింపబడిన ఆ ఫలితములలో ఉభయుల మనఃస్థితికిని చెప్పుకోదగిన భేదము కానరాలేదు. కాని డయాలిసిస్ రోగిగా ఉన్నచో తమ మనఃస్థితి యెట్లుండునని అడుగగా, మిక్కిలి దుఃఖముతో నుందుమని ఆరోగ్యవంతులు ఊహించిరి.

భేదము ఏల కలుగుచున్నది?

దీనికి మూడు కారణములు ముఖ్యముగా చెప్పదగియున్నవి.

మొదటిది: వ్యాధిని ఊహించునప్పుడు మనము వ్యాధిని మాత్రమే చూతుము, జీవితమును చూడము. కాలు లేని మనిషి యనగానే లేని కాలే మన కన్నులయెదుట నిలుచును. ఆ మనిషి ప్రొద్దుట లేచి టీ త్రాగుట, మనుమలతో ఆడుకొనుట, వానలను గూర్చి పొరుగువారితో మాటలాడుట మన ఊహకు రావు. దినమున అధిక భాగము ఇట్టి పనులలోనే గడచును గదా!

రెండవది: మనుష్యుడు ఎంతవరకు అలవాటుపడగలడో ముందుగా గ్రహింపలేడు. మొదటి దినములలోని దుఃఖమే జీవితాంతము నుండునని తలచును. కాని కొలది మాసములలో చేతికర్ర చేతికి పట్టుబడును, పని చేయు తీరు మారును, ఇంటివారు అలవాటుపడుదురు. 1978లోనే అమెరికాలో వెలువడిన మరొక పరిశోధనలో, ప్రమాదములలో అవయవముల కదలికను కోల్పోయిన 29 మందిని తమ ప్రస్తుత సంతోషమును 0 నుండి 5 వరకు గల కొలతపై గుర్తింపుమనిరి. వారి సగటు 2.96. అట్టి ప్రమాదము జరుగనివారి సగటు 3.82. భేదము లేదనరాదు, నష్టము నష్టమే. కాని ఆ సగటు కొలత నడిమి భాగమునకు ఎగువనే యున్నదనుట గమనింపదగినది.

మూడవది: కాలము గడచినకొలది మనుష్యుడు విలువ నిచ్చు వస్తువులే మారును. పరుగెత్తుట ముఖ్యమని తలచినవానికి, పదిమందితో కలసి కూర్చుండుట ముఖ్యమగును.

అనుభవమే ఎల్లప్పుడును సరియైన సాక్షి యనియు చెప్పుటకు వీలు లేదు. కొలాస్టమీ సంచి కొంతకాలముండి, పిదప శస్త్రచికిత్సతో దానిని తొలగించుకొన్నవారిని అడుగగా, ఆ సంచితోడి జీవితమునకు వారు, నేటికిని సంచితో నున్నవారికంటె తక్కువ విలువ నిచ్చిరి. ఈ ఫలితము 2006లో ప్రకటింపబడినది. ఒడ్డునకు చేరినవారికి ఏరు మరింత లోతుగా తోచుట వంటిది ఇది.

పైకి కనబడని బాధలు

ఇంతవరకు చెప్పినది ఒక ప్రక్క. అన్ని బాధలకును మనుష్యుడు అలవాటుపడునని తలచుట పెద్ద పొరపాటు. ఎడతెగని నొప్పికిని, మనోవ్యాకులతకును అలవాటుపడుట కష్టము. 1999లో అమెరికాలో వెలువడిన ఒక పరిశీలనలో, తీవ్రమైన వైకల్యము గల 153 మందితో మాటలాడగా, వారిలో సగమునకు పైగా తమ జీవితము బాగుగనో, మిక్కిలి బాగుగనో యున్నదని చెప్పిరి. బాగుగ లేదని చెప్పినవారు తెలిపిన కారణములలో నొప్పి ముఖ్యమైనది.

ఇచ్చటనే గ్రామములో మన చూపు తప్పుచున్నది. చక్రాల కుర్చీ కనబడును, నొప్పి కనబడదు. ఊతకర్ర కనబడును, నిద్రపట్టని రాత్రులు కనబడవు. కుట్టుపని చేసికొనుచు కుటుంబమును పోషించుకొను కాలు లేని మనిషిని చూచి ఊరంతయు అయ్యో యనును. కాళ్ళు చేతులు సరిగానుండి, మనోవ్యాధిచే గడప దాటలేకయున్న స్త్రీని చూచి అదే ఊరు సోమరియని పలుకును. మొదటివారికి కావలసినది జాలి కాదు. పంచాయతీ కార్యాలయపు మెట్ల ప్రక్కన ఒక వాలుదారి. రెండవవారికి కావలసినది నింద కాదు. వైద్యుని వద్దకు తోడు వచ్చు ఒక మనిషి.

వైకల్యమునకు ధ్రువపత్రము నిచ్చునప్పుడు వైద్యులు శాతమును నిర్ణయింతురు. 2016 సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము ప్రకారము ముఖ్యమైన కొన్ని సదుపాయములకు 40 శాతము హద్దుగా నున్నది. ఒక నియమము లేనిదే ప్రభుత్వ కార్యక్రమము నడువదు గనుక ఇది అవసరమే. కాని ఆ శాతము శరీరమునకు కలిగిన లోపమును తెలుపునే గాని, ఆ మనిషి దినము ఎట్లు గడచుచున్నదో తెలుపదు. ఆ సంగతిని అడిగి తెలిసికొనవలసినది పొరుగున నున్న మనమే.

ఓర్పును ఆరోగ్యమనుకొనరాదు

అట్లయిన రోగి మాటనే పూర్తిగా ప్రమాణముగా తీసికొందమా? ఇందులోను ఒక ప్రమాదము కలదు. దీనికి మన దేశములోని ఒక పాత ఉదాహరణము చాలును.

వంగదేశమున ఘోరమైన కరవు సంభవించిన మరుసటి యేడు, 1944లో, కలకత్తాకు సమీపమున నున్న సింగూరు ప్రాంతములో అఖిల భారత ఆరోగ్య, ప్రజారోగ్య సంస్థ వారు ఒక సర్వే జరిపిరి. ఆర్థికశాస్త్రవేత్త అమర్త్య సేన్ తన రచనలలో దీనిని ప్రస్తావించి ప్రసిద్ధము గావించెను. భార్యను కోల్పోయిన పురుషులలో 48.5 శాతము మంది తమకు అనారోగ్యముగా నున్నదనియో, ఆరోగ్యము అంతంతమాత్రముగా నున్నదనియో చెప్పిరి. భర్తను కోల్పోయిన స్త్రీలలో అట్లు చెప్పినవారు 2.5 శాతము మాత్రమే. ఆ కాలపు వంగదేశములో వితంతువుల స్థితి పురుషులకంటె మెరుగుగా నుండెనని ఎవ్వరును చెప్పజాలరు. తమ బాధ చెప్పుకొనదగినదే యని ఆ స్త్రీలు తలపనైన తలపలేదు. చెప్పినను వినువారు లేరని వారెరుగుదురు.

కావున “నాకేమి, బాగానే యున్నాను” అను మాటకు రెండు అర్థము లుండవచ్చును. కష్టమును జయించి, జీవితమును చక్కదిద్దుకొన్నవారు అట్లు పలుకవచ్చును. ఆశ వదలుకొన్నవారును అట్లే పలుకవచ్చును. మొదటివారిని గౌరవింపవలెను, రెండవవారి మాటను సాకుగా గైకొని సహాయమును మానరాదు.

ప్రజాధనము వ్యయపరచునప్పుడు

ఈ రెండు కొలతల భేదము పరిశోధకుల వాదముతో ముగియునది కాదు. ధనము ఎటు పోవలెనన్నది దీనిపై ఆధారపడియున్నది. మీదట చెప్పిన డయాలిసిస్ విలువలతోనే ఒక లెక్క వేసి చూడవచ్చును. ఇవి కెనడా వారి విలువలేయైనను లెక్క తీరు తెలియుటకు ఉపకరించును.

ఒక రోగికి డయాలిసిస్ చేయించి పదియేండ్ల ఆయుస్సును పొడిగించితి మనుకొందము. ప్రజల కొలత ప్రకారము కలిగిన లాభము 3.9 పూర్ణారోగ్య సంవత్సరములు. రోగుల కొలత ప్రకారము 5.6 సంవత్సరములు. ఇక ఒక ఆరోగ్యవంతుని మూత్రపిండములు చెడకుండ కాపాడి, పదియేండ్ల డయాలిసిస్‌ను తప్పించితి మనుకొందము. ఇప్పుడు ప్రజల కొలత ప్రకారము లాభము 6.1, రోగుల కొలత ప్రకారము 4.4. అనగా ప్రజల కొలత నివారణకు ఎక్కువ విలువ నిచ్చును. రోగుల కొలత ప్రాణరక్షణకు ఎక్కువ విలువ నిచ్చును. ప్రజల కొలతనే పట్టుకొన్నచో, వ్యాధితో నున్నవారి ప్రాణము చౌకయై పోవు ప్రమాదము కలదు. రోగుల కొలతనే పట్టుకొన్నచో, “ఎట్లును అలవాటుపడుదురు గదా” యని నివారణను నిర్లక్ష్యము చేయు ప్రమాదము కలదు.

అందుచే దేశములు వేరువేరు మార్గములను అవలంబించినవి. బ్రిటనులో 1993లో సుమారు 3,000 మంది సామాన్య ప్రజలను అడిగి విలువలను సేకరించిరి. 1999లో ఏర్పడిన నైస్ అను సంస్థ, చికిత్సలపై సలహా నిచ్చునప్పుడు, వ్యాధిస్థితి యెట్లున్నదో రోగులనే చెప్పుమనును. ఆ స్థితికి విలువ కట్టుటకు మాత్రము ప్రజల అభిప్రాయమును తీసికొనును. పన్ను చెల్లించువారు ప్రజలే గనుకను, రేపు ఎవరికి ఏ వ్యాధి వచ్చునో తెలియదు గనుకను ఇది న్యాయమని వారి వాదము. స్వీడనులో ఔషధములకు ప్రభుత్వ సహాయమును నిర్ణయించు సంస్థ, ఆ స్థితిని అనుభవించుచున్నవారు కట్టిన విలువలనే మేలైనవిగా నెంచుచున్నది. మన దేశములో 2017లో కేంద్ర ఆరోగ్య పరిశోధన శాఖ క్రింద చికిత్సల విలువను మదింపు చేయు వ్యవస్థ యేర్పడినది. అయిదు రాష్ట్రములలోని 3,548 మంది పెద్దలను అడిగి రూపొందించిన భారతీయ విలువల పట్టిక 2022లో ప్రకటింపబడినది. నడక, తన పనులు తాను చేసికొనుట, నిత్యకృత్యములు, నొప్పి, ఆందోళన లేక దిగులు అను అయిదు అంశములపై ఆ పట్టిక ఆధారపడియున్నది.

ఈ సమస్య మన తెలుగు పల్లెలకు దూరమైనది కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతములో కవిటి, సోంపేట, కంచిలి, పలాస మొదలగు మండలములలో మూత్రపిండ వ్యాధి బహుళముగా వ్యాపించియున్నది. పలాసలో 200 పడకల ఆసుపత్రియు, మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రమును 2023 డిసెంబరులో ప్రారంభింపబడినవి. అట్టి ప్రాంతములో మంచినీటి సరఫరా ముఖ్యమా, డయాలిసిస్ ముఖ్యమా యని రెంటిని పోటీకి నిలుపుట తగదు. వ్యాధి రానివారి భయమును, వ్యాధి వచ్చినవారి జీవితేచ్ఛను రెంటిని సమానముగా గౌరవింపవలెను. ఒక్కొక్క పర్యాయము దాదాపు నాలుగు గంటలు యంత్రమునకు కట్టుబడియుండు మనిషిని అడిగి చూచిన, “యంత్రము కాదు, పోయివచ్చు దారియే నన్ను చంపుచున్నది” యని చెప్పవచ్చును. అప్పుడు కావలసిన సహాయము సంతాపము కాదు, వాహన సౌకర్యము.

పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు

ఒకటి: వ్యాధిగ్రస్తులను గూర్చి చర్చించునప్పుడు వారిని గ్రామసభకు పిలువవలెను, రాలేనివారి ఇంటికి పోవలెను. బంధువుల మాట రోగి మాటకు బదులు కాదు.

రెండు: “ఎట్లున్నావు?” అని మాత్రమే అడిగి ఊరకుండరాదు. నడువగలుగుచున్నారా, స్నానము, బట్టలు కట్టుకొనుట తమంతట చేసికొనగలుగుచున్నారా, ఇంటి పని పొలము పని సాగుచున్నదా, నొప్పి యెంత కలదు, దిగులు కలదా యని అయిదు ప్రశ్నలను వేరువేరుగా అడుగవలెను. “బాగానే యున్నాను” అనినవారు కూడ నాలుగవ ప్రశ్నకో, అయిదవ ప్రశ్నకో నిజము చెప్పుట కలదు.

మూడు: స్త్రీలను, వృద్ధులను ఇంటి పెద్దల సమక్షమున గాక, ఒంటరిగా అడుగుటకు ఏర్పాటు చేయవలెను. ఈ పనికి సభ్యురాండ్రును, ఆశా కార్యకర్తలును తగినవారు.

నాలుగు: “మీ దినములో అన్నిటికంటె కష్టమైన పని ఏది?” అని అడుగవలెను. ఆ జవాబులో తరచుగా పంచాయతీ చేయగల పనియే కనబడును. అది ఒక వాలుదారి కావచ్చును. ఒక వీధి దీపము కావచ్చును. ఇంటికి దగ్గరగా ఒక కుళాయి కావచ్చును.

అయిదు: నిర్ణయమును వ్రాసినప్పుడు, బాధితుడు ఏమి చెప్పెనో కూడ తీర్మానములో వ్రాయవలెను. అట్లు వ్రాయవలసివచ్చినప్పుడు అడుగుట తప్పదు; అడిగినప్పుడు వినుట తప్పదు.

పంచాయతీ సభ్యుడు వైద్యుడు కానక్కరలేదు, పరిశోధకుడును కానక్కరలేదు. తన కన్నులకు తోచినదే సత్యమని తలపకుండుట చాలును. పైకి దుర్భరముగా తోచు బ్రతుకులో సంతోషము ఉండవచ్చును. పైకి చక్కగా తోచు బ్రతుకులో ఎవ్వరును ఎరుగని వేదన ఉండవచ్చును. ఊరి ధనమునకు లెక్క చూచునది ఊరే. దానిని పంచు అధికారమును ఊరిదే. కాని ఆ లెక్కలో మొదటి అంకెను వేయవలసినది మాత్రము బాధను భరించుచున్న వారి చేయి. రాబోవు గ్రామసభలో ఏ ఒక్క సహాయపు దరఖాస్తు చర్చకు వచ్చినను, తీర్మానము చేయుటకు ముందు ఆ మనిషిని ఒక్కమారు అడిగి చూచెదరు గాక.